బెల్ట్ సైన్ ఆరింది కదా, ఇంకా పెట్టుకునే ఉండాలా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలాగే ఉంది కానీ అందులో నాలుగున్నాయి. పోయిన వారం విశాఖ నుంచి చెన్నై వస్తుంటే, దిగడానికి కాసేపటి ముందు విమానం గట్టిగా కుదిపింది. అమ్మగారు హడలిపోయి "ఇక విమానం ఎక్కనంటే ఎక్కను" అని కూర్చున్నారు. వచ్చే నెల, అంటే నవంబరులో, అందరూ కలిసి మీ అక్కగారి దగ్గరికి సింగపూర్ వెళ్లాలి. నాన్నగారేమో పొట్ట మీద నొక్కుతోందని సైన్ ఆరగానే బెల్ట్ తీసేస్తారు. ఏడాదిన్నర పాప ఒళ్లో ఉంటుంది. ఇవన్నీ రాసి చివర్లో మీ సొంత సందేహం ఒకటి పెట్టారు: "విమానమే కిందికి పడిపోతుంటే బెల్ట్ ఏం కాపాడుతుంది?" అక్కడే మొదలుపెడతాను. అది తీరితే మిగతా వాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి.

ముందు నేనెవరో చెప్పాలి. చాలా ఏళ్లు క్యాబిన్ క్రూగా చేశాను, చివర్లో సీనియర్‌గా. మాది నెల్లూరు, ఉండేది చెన్నై పల్లవరంలో. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు సేఫ్టీ క్లాసులు చెబుతుంటాను. పైలట్‌ని కాను. కాక్‌పిట్ సంగతులు నాకు తెలిసినవి వాళ్లతో కలిసి పనిచేస్తూ, అడిగి తెలుసుకున్నవి.

కుదుపుల్లో మనుషులకు దెబ్బలు తగలడానికి విమానం ఎంత ఎత్తు జారిందన్నది పెద్ద కారణం కాదు. అది ఎంత హఠాత్తుగా జారిందన్నదే అసలు సంగతి. ఒక స్టీలు డబ్బాలో గోళీ వేసి మూత పెట్టి, డబ్బాని ఒక్కసారిగా కిందికి లాగి చూడండి. టంగుమని గోళీ మూతకు తగులుతుంది. గోళీ ఎగిరిందనుకుంటాం గానీ, అది ఉన్నచోటే ఉంది, మూతే వచ్చి కొట్టింది. బెల్ట్ లేని మనిషిదీ అదే గతి. ఆయన పైకి లేవడు, విమానం కప్పు కిందికి వచ్చి ఆయన తలను తాకుతుంది.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎస్‌క్యూ 321లో సరిగ్గా ఇదే జరిగింది. మయన్మార్ మీద 37,000 అడుగుల ఎత్తులో ఉంది విమానం, లోపల టిఫిన్ సర్వీసు నడుస్తోంది. ఆ కుదుపు తర్వాత 73 ఏళ్ల ప్రయాణికుడొకరు చనిపోయారు, ఆయనకు గుండెపోటు వచ్చి ఉండొచ్చని అన్నారు. పదుల మందికి తల, మెడ, వెన్నెముక దెబ్బలు తగిలాయి. విమానాన్ని బ్యాంకాక్‌కు మళ్లించారు. మన టీవీల వాళ్లు "ఆరువేల అడుగులు కుప్పకూలిన విమానం" అంటూ ఊదరగొట్టారు. సింగపూర్ దర్యాప్తు విభాగం విమానంలోని రికార్డర్లు (బ్లాక్ బాక్సులు) చూసి ఎనిమిది రోజులకు ప్రాథమికంగా చెప్పింది ఏంటంటే, ఆ కుదుపులో విమానం కోల్పోయిన ఎత్తు 178 అడుగులు. మీటర్లలో 54. టీవీలు చెప్పిన ఆరువేల అడుగులు ఆ తర్వాత పైలట్లు కావాలని, పద్ధతి ప్రకారం దిగిన ఎత్తు.

178 అడుగులకే అంతమందికి ఎలా తగిలాయంటే, ఈ లెక్క చూడండి. మామూలుగా కూర్చున్నప్పుడు మనకు తెలిసే మన బరువును 1 జీ అంటారు. ఆ విమానంలో 1.35 జీ కాస్తా 0.6 సెకన్లలో మైనస్ 1.5 జీకి పోయింది. మైనస్ అంటే బరువు కప్పు వైపు లాగుతున్నట్టు లెక్క. 60 కిలోల మనిషిని 90 కిలోల బలం పైకి లాగుతుంది. సీట్లో కూర్చున్నవాళ్ల తలకీ పైన సామాన్ల అరకీ మధ్య జాగా మూరెడు, మహా అయితే మూరన్నర. ఆ దూరం సెకనులో మూడో వంతు అయ్యేలోపే అయిపోతుంది. "చేతులు గట్టిగా పట్టుకుంటాం లెండి" అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే: పట్టుకోవాలని మీకు తోచేలోపే తల అరకు తగిలేసి ఉంటుంది. ఆ మీదట నాలుగు సెకన్లలోపే మళ్లీ ప్లస్ 1.5 జీ. పైకి పోయినవాళ్లు ఒకటిన్నర రెట్ల బరువుతో కింద పడతారు. తమ సీట్లోనే పడతారన్న గ్యారంటీ లేదు. ఆర్మ్‌రెస్ట్ మీద పడొచ్చు, పక్కసీట్లో బుద్ధిగా బెల్ట్ పెట్టుకుని కూర్చున్న ముసలావిడ మీద పడొచ్చు.

బెల్ట్ విమానాన్ని ఆపలేదు. డబ్బాతో పాటే గోళీ కిందికి వచ్చేలా చూస్తుంది, దాని పని అంతే. ఆ ఒక్క పనీ చేస్తే చాలు, పొట్టలో తిప్పినట్టు అవుతుంది, గుండె జారినట్టు అవుతుంది, తల మాత్రం పగలదు.

ఆ ప్రాథమిక నివేదికలో ఇంకో అంకె ఉంది. నా క్లాసులో ప్రతి బ్యాచ్ చేతా అది బోర్డు మీద రాయిస్తాను. బెల్ట్ సైన్ వేశామని కాక్‌పిట్‌లో పైలట్ చెప్పిన క్షణానికీ, అసలు కుదుపు మొదలైన క్షణానికీ మధ్య ఎనిమిది సెకన్లు. ఎనిమిదే. నిద్రపోతున్న మీ నాన్నగారు ఆ టింగుమనే శబ్దానికి లేచి, దుప్పటి తీసి, ఒక కొస తొడ కింద నుంచీ ఇంకో కొస పక్కసీటు సందులోంచీ వెతికి తీసి పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి చూడండి. అక్కడ పైలట్లు నిర్లక్ష్యం చేశారని నేననడం లేదు. ఎనిమిది సెకన్లయినా దొరికాయి. ఒక్కోసారి అదీ దొరకదు.

కాబట్టి సైన్ ఆరిందంటే "అవసరమైతే లేవొచ్చు" అని మాత్రమే అర్థం చేసుకోండి. సైన్ ఆరగానే మేం చేసే అనౌన్స్‌మెంట్‌లో "కూర్చున్నంతసేపూ బెల్ట్ పెట్టుకునే ఉండండి" అని ఇంగ్లీషులో, హిందీలో చెబుతూనే ఉంటాం, ఆ మాట పూర్తయ్యేలోపే మొదటి వరస నుంచి చివరి వరస దాకా టక టక టకమని బకిల్స్ ఊడిన శబ్దం. జంప్ సీట్లో, అంటే క్రూ కూర్చునే మడత సీట్లో, కూర్చుని అది విన్నప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఇక అమ్మగారి భయం. ఆవిడ భయపడుతున్నది రెక్క విరుగుతుందని, విమానం ముక్కలవుతుందని. ఈ రోజుల్లో ప్రయాణికుల జెట్ విమానాలకు అది దాదాపు జరగని పని. విమానానికి దాని జీవితకాలంలో ఎదురవుతుందనుకునే అతి పెద్ద భారం ఎంతో లెక్కగట్టి, దానికి ఒకటిన్నర రెట్లు మోపి, కనీసం మూడు సెకన్లు విరక్కుండా నిలబడితేనే రెక్కకు అనుమతి. 1995 జనవరిలో బోయింగ్ వాళ్లు 777 రెక్కను కావాలనే విరిగేదాకా వంచారు. కొస దాదాపు 24 అడుగులు పైకి లేచి, లెక్కగట్టిన భారానికి 154 శాతం దగ్గర గానీ విరగలేదు. ఎస్‌క్యూ 321 కూడా 777 విమానమే, లోపల అంత బీభత్సం జరిగాక కూడా నిక్షేపంగా బ్యాంకాక్‌లో దిగింది. దాచకుండా చెప్పాలంటే, పాతరోజుల్లో ఒకటి జరిగింది. 1966 మార్చిలో జపాన్‌లో ఫ్యూజీ పర్వతం పక్కన బోయింగ్ 707 ఒకటి కొండగాలి సుడుల్లో విరిగిపోయి 124 మంది పోయారు. కొండల వెనక గాలి ఎలా అలలు కడుతుందో ఆ తర్వాత పైలట్లకు నేర్పే పాఠాల్లో గట్టిగా చేరింది. అందుకే అమ్మగారితో "రెక్క ఊగుతుంటే చూసి భయపడకు, ఊగడానికే చేశారు దాన్ని" అని చెప్పండి. కిటికీ పక్క సీటు మాత్రం ఇవ్వకండి.

"గాలిలో గుంతలున్నాయి, విమానం వాటిలో పడింది" అని ఎవరో చెప్పారని రాశారు. అలాంటి ఖాళీ గుంతలేం ఉండవు. గాలి ఒకచోట పైకి పోతుంటుంది, పక్కనే కిందికి వస్తుంటుంది, ఆ రెండింటి సరిహద్దు దాటుతున్నప్పుడు కుదుపు. మన వైపు దీనికి పెద్ద కారణం ఉరుముల మేఘాలు. విశాఖ–చెన్నై దారి మొత్తం తీరం వెంబడే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు అంటే ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో ఎప్పుడూ ఏదో ఒక అల్పపీడనం. మీరు వచ్చింది ఏటీఆరా ఎయిర్‌బస్సా అన్నది రాయలేదు. రెక్కకు ప్రొపెల్లర్ ఉన్న ఏటీఆర్ అయితే అది 25,000 అడుగులు దాటి ఎగరదు. జెట్‌లు కొన్ని మేఘాల మీదుగా పోగలవు, ఏటీఆర్ వాటి మధ్యలోంచే దారి వెతుక్కోవాలి. కుదుపులు సహజంగానే ఎక్కువ. జెట్ అయినా పెద్ద మేఘాన్ని దాటలేదు. మన ఉష్ణమండలపు ఉరుముల మేఘం (క్యుములోనింబస్ అంటారు) తల యాభైవేల అడుగులు కూడా పోతుంది, జెట్ ఎగిరేది ముప్ఫై ఐదు, నలభై వేల మధ్య. అందుకే పక్కకు తప్పుకుని వెళ్తారు. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల దూరం పాటించమని పైలట్లకు నేర్పుతారు. కిటికీలోంచి మెరుపులు కనిపించినంత మాత్రాన మేఘంలోకి వెళ్తున్నట్టు కాదు.

మరి రాడార్ ఉండి కూడా ఎందుకు చిక్కుకుంటారు? విమానం ముక్కులో ఉండే వాతావరణ రాడార్ చూసేది గాలిని కాదు, నీటి చుక్కల్ని. వాన బాగా ఉన్న మేఘం ఎర్రగా కనిపిస్తుంది. మేఘం పైభాగంలో ఉండే పొడి మంచు పలుకులు దానికి సరిగా ఆనవు. అప్పుడే పెరుగుతున్న మేఘం తల కిందినుంచి తోసుకొస్తుంటే తెరమీద పలచగా ఉంటుంది. ఎస్‌క్యూ 321 కూడా అలా మేఘాలు పెరుగుతున్న ప్రాంతం మీదుగా వెళ్తూ ఉండొచ్చని నివేదికలో ఉంది. ఇక మేఘమే లేని చోట వచ్చే కుదుపులైతే రాడార్‌కు అసలే కనిపించవు. పై ఎత్తుల్లో నదిలా పారే జెట్ గాలుల అంచుల్లో అవి పుడతాయి. చలికాలంలో ఢిల్లీ, లక్నోల మీదుగా, ఇంకా యూరప్, అమెరికా దారుల్లో ఎక్కువ. ముందు వెళ్లిన విమానం పైలట్ "ఇక్కడ కుదుపుగా ఉంది" అని చెబితే వెనకవాళ్లకు తెలియడం, అంతే. ఈ మధ్య విమానాలే తమ కొలతల్ని ఒకదానికొకటి అందించుకునే ఏర్పాటు కూడా వచ్చింది, కానీ మొదట వెళ్లేది ఎవరో ఒకరు ఉండాల్సిందే కదా.

జెట్ గాలుల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. వానాకాలంలో మన దక్షిణాది నెత్తిన తూర్పు నుంచి పడమరకు ఉరికే జెట్ గాలి ఉందని 1950లలో లోకానికి చాటినవాళ్లలో ముఖ్యుడు మన పంచేటి కోటేశ్వరం గారు. తర్వాత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. క్లాసులో తెలుగు పిల్లలున్నప్పుడు ఈ పేరు చెబితే ఒక్కరికీ తెలియదు. ఆ గాలి విమానాలు ఎగిరే ఎత్తుకంటే పైన ఉంటుంది లెండి, మీ ప్రయాణానికి దానితో పనిలేదు.

అట్లాంటిక్ మీద తీవ్రమైన మేఘంలేని కుదుపులు 1979తో పోలిస్తే 2020 నాటికి 55 శాతం పెరిగాయని ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2023లో లెక్క తేల్చారు. భూమి వేడెక్కడమే కారణమంటున్నారు. ఇది చదివి అమ్మగారు ఇంకా భయపడతారేమో, ఆవిడకు చెప్పకపోయినా ఫరవాలేదు. పెరిగినా తీవ్రమైనవి అరుదే.

దెబ్బలు ఎవరికి తగులుతాయో చూస్తే బెల్ట్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో 2009 నుంచి 2022 వరకు కుదుపుల్లో తీవ్రంగా గాయపడ్డవాళ్లు 163 మంది అయితే అందులో 129 మంది మా క్రూ వాళ్లే, ప్రయాణికులు 34. విమానంలో రెండువందల మంది ప్రయాణికులుంటే మేం ఉండేది ఐదారుగురం. అయినా దెబ్బల్లో మాదే సింహభాగం. ఎందుకంటే మేం నిలబడి ఉంటాం కాబట్టి, ట్రాలీ తోస్తూ ఉంటాం కాబట్టి. మా ఒళ్లు అద్దాలతో చేసినవేం కావు.

ఇది కళ్లారా చూశాను. పేర్లు అక్కర్లేదు. ఇలాగే ఓ నవంబరు సాయంత్రం, చెన్నైకి దిగుతున్నాం, ఇంకా సైన్ పడలేదు. నేను ముందు గ్యాలీలో, అంటే భోజనం సర్దే వంటగది లాంటి చోట, ఉన్నాను. వెనక గ్యాలీలో నా తోటి అమ్మాయి ఖాళీ కప్పులున్న ట్రాలీని దాని గూట్లోకి తోస్తోంది, ఒక చెయ్యి ట్రాలీ పిడి మీద, ఒక కాలు ఎత్తి బ్రేకు పెడల్ మీద. సరిగ్గా అప్పుడే కాళ్ల కింద నేల జారింది. ఇంటర్‌కమ్‌లో ఆమె కేక కంటే ముందు స్టీలు డ్రాయర్లు గలగలా ఊడి పడ్డ శబ్దం వినిపించింది. ట్రాలీ జానెడు పైకి లేచి, దిగేటప్పుడు ఆమె చీలమండ మీద దిగింది. రెండుచోట్ల విరిగింది. వెనక వరసల్లో ఒక్కరికీ గీత పడలేదు, దిగే ముందు కదా అని ఆమే తిరిగి అందరి బెల్టులూ చూసి వచ్చి ఉంది. వెనక భాగం ముందుకంటే ఎక్కువగా ఊగుతుంది, అదొకటి. ఆమె మళ్లీ ఎగరడానికి నెలలు పట్టింది.

దూరాల ప్రయాణమైతేనే ప్రమాదం అనుకునేవాళ్లున్నారు. 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగుతూ తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది. దేశం లోపలి ప్రయాణమే. పదిమందికి పైగా గాయపడ్డారు, వాళ్లలో ఒకరు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి చనిపోయారు. చెన్నై–బెంగళూరు నలభై నిమిషాల విమానంలో కూడా బెల్ట్ బెల్టే. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లుల కాలంలో మధ్యాహ్నం దాటాక బెంగళూరులో దిగినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాన్నగారి పొట్ట. నూటికి తొంభైమంది బెల్ట్ పెట్టుకునేదే తప్పు చోట. ప్యాంటు బెల్ట్ ఉండే చోట, బొడ్డు మీద పెట్టుకుంటారు. నొక్కక ఏంచేస్తుంది? ముందు సీట్లో బాగా వెనక్కి జరిగి కూర్చోమనండి. బెల్ట్ పొట్ట కిందకి, తొడలు మొదలయ్యే చోట, తుంటి ఎముకల మీద రావాలి. బకిల్ పెట్టాక వదులుగా ఉన్న కొసను పట్టుకుని లాగాలి. బెల్ట్ కింద అరచెయ్యి బల్లపరుపుగా దూరితే సరే, పిడికిలి దూరితే వదులు. ఎముక మీద ఉన్న బెల్ట్ ఎంత బిగించినా నొక్కినట్టుండదు, పొట్ట మీదున్నది కొంచెం బిగించినా ఊపిరాడదు. భోంచేశాక నాన్నగారు ఒక చిటికెడు వదులు చేసుకుంటానంటే చేసుకోనివ్వండి, పూర్తిగా తీసేయడం కంటే వెయ్యి రెట్లు నయం. ఒకవేళ బెల్ట్ పొడవే చాలకపోతే ఎక్స్‌టెన్షన్ బెల్ట్ అడగండి. ప్రతి విమానంలో ఉంటాయి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మేం చేతిలో మడిచి తెచ్చి పక్కవాళ్లకు తెలియకుండానే ఇస్తాం.

దుప్పటి కప్పుకుంటే బెల్ట్ దుప్పటి పైన పెట్టుకోవాలి. అమ్మగారు శాలువా కప్పుకున్నా అంతే. రాత్రి విమానంలో సైన్ పడితే మేం టార్చి వేసుకుని వరసలన్నీ చూసుకుంటూ వస్తాం, బెల్ట్ కనిపించకపోతే లేపి చూడక తప్పదు. పైన కనిపిస్తే నిద్ర పాడుచెయ్యం. గర్భిణులైతే పొట్ట కిందుగానే, ఎప్పుడూ పొట్టకు అడ్డంగా వద్దు.

బకిల్ మీద పైనుండే రేకును ఎత్తితే ఊడుతుంది, కారులోలాగా పక్కన బటన్ ఉండదు. వినడానికి చిన్న విషయం. కంగారులో కారు అలవాటు కొద్దీ పక్కన నొక్కుతూ ఉండిపోయినవాళ్లు ఉన్నారు. అమ్మానాన్నల చేత కూర్చోగానే రెండుసార్లు పెట్టించి తీయించండి.

నాన్నగారికి తరచుగా బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని కూడా రాశారు. నడవ పక్క సీటు తీసుకోండి, వెళ్లేటప్పుడు ఖాళీగా ఉందో లేదో సీట్లో నుంచే గుర్తు చూసి లేవమనండి, క్యూలో నిలబడటం అనవసరం. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ సీటు వీపు మీద ఉండాలి. నీళ్లమాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వేసుకుంటుంటే ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరుగారినే అడగండి. కాళ్లు వాస్తాయని నడుస్తూ ఉండమని చెప్పి ఉంటారు, అదీ నిజమే, గంటకోసారి లేచి వచ్చి మళ్లీ బెల్ట్ పెట్టుకుంటే సరిపోతుంది. కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించొచ్చు. దారిలో ఉండగా కుదుపు మొదలైతే ఎవరి సీటైనా సరే, ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చోవాలి. ఏదీ లేకపోతే నేల మీద కూర్చుని సీటు కాళ్లనో ఆర్మ్‌రెస్ట్‌నో పట్టుకోవాలి. వినడానికి నామోషీగా ఉన్నా మేం చేసేది అదే. బాత్రూమ్ లోపల ఉంటే కమోడ్ మూత వేసి దానిమీద కూర్చుని పక్కనున్న పిడి పట్టుకోవాలి, బయటికి పరిగెత్తకూడదు.

పాప విషయం కాస్త నిదానంగా చదవండి. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, మీరు చేస్తున్నది తప్పేం కాదు. కానీ నా సొంత అభిప్రాయం అడిగితే, డబ్బుకు మరీ ఇబ్బంది లేకపోతే పాపకు సీటు కొనండి. పది కిలోల పాపను మైనస్ 1.5 జీ పదిహేను కిలోల బలంతో పైకి లాగుతుంది, అదీ రెప్పపాటులో. ఏ తల్లి చేతులూ ఆ క్షణానికి సిద్ధంగా ఉండవు, ప్రేమకు దానితో సంబంధం లేదు. సీటు కొంటే మామూలు బెల్ట్ ఏడాదిన్నర పాపకు వదులవుతుంది కాబట్టి ఎయిర్‌లైన్ ఒప్పుకునే కారు సీటు కావాలి. ఏ రకం ఒప్పుకుంటారో టికెట్ కొనేటప్పుడే రాసి అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి, కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకుండా.

ఒళ్లోనే అయితే ఇన్‌ఫాంట్ బెల్ట్ ఇస్తారు. అది పెద్దవాళ్ల బెల్ట్‌లోంచి దూరి పాప నడుముకు విడిగా వస్తుంది. ఒకే బెల్ట్‌ను ఇద్దరికీ కలిపి పెట్టకండి, అలా పెడితే మీ బరువంతా పాప మీద పడుతుంది. దాన్ని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే కాక పాప ఒళ్లో ఉన్నంతసేపూ ఉంచండి. చాలామంది తల్లులు విమానం పైకి లేవగానే పాప ఏడుస్తోందని తీసేస్తారు. ఏడవనివ్వండి. ముందు వరసలో గోడకు తగిలించే ఉయ్యాల ఇస్తే, సైన్ పడగానే నిద్రలో ఉన్నా సరే పాపను తీసి ఒళ్లోకి తీసుకుని బెల్ట్ పెట్టాలి. అప్పుడే నిద్రపోయింది పాపం అని మమ్మల్ని బతిమాలతారు. ఆ బతిమాలడానికి మేం కరగం.

చెన్నై–సింగపూర్ నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, బంగాళాఖాతం, అండమాన్ సముద్రం మీదుగా. సముద్రం మీద ఉరుముల మేఘాలు రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున బలం పుంజుకుంటాయి. నేల మీద దీనికి తిరుగు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఎంచుకునే వీలుంటే పగటి విమానం మంచిది, పైగా అమ్మగారికి బయట వెలుగు కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది. రాత్రిదే కుదిరితే కంగారేం లేదు. ఊగడం తక్కువ కావాలంటే రెక్కల దగ్గరి వరసలు తీసుకోండి. వెనక వరసలు వద్దు.

వేడి కాఫీ, టీ సంగతి. కుదుపుల్లో అవి ఒలికి కాలిన గాయాలు కూడా అవుతాయి. ఎస్‌క్యూ 321 తర్వాత, 2024 మేలో, సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్లు సైన్ వెలిగి ఉంటే వేడి పానీయాలే కాదు, భోజనం వడ్డనా ఆపేయాలని నిర్ణయించారు. కొరియన్ ఎయిర్ అయితే 2024 ఆగస్టు నుంచి ఎకానమీలో కప్ నూడుల్స్ ఇవ్వడమే మానేసింది. కాబట్టి మీ వరస దాకా వచ్చిన ట్రాలీ వెనక్కి వెళ్లిపోతే క్రూ మీద విసుక్కోకండి. పాప ఒళ్లో ఉన్నవాళ్లు వేడిది ఏదీ తీసుకోకపోవడమే మేలు. లాప్‌టాప్ వాడనప్పుడు ముందు సీటు జేబులో పెట్టండి, అదీ ఎగురుతుంది.

దిగాక ఇంకోటి. చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో చక్రాలు నేలను తాకగానే లేచి నిలబడేవాళ్లను చూస్తే ఏమనాలో తెలీదు. రన్‌వే నుంచి గేటు దాకా వెళ్తూ విమానం గట్టిగా బ్రేకు కొట్టొచ్చు, పైనుంచి సూట్‌కేసు మీ నెత్తిన పడొచ్చు. ఒక్కోసారి నేలకు దగ్గరగా వచ్చి కూడా దిగకుండా మళ్లీ పైకి లేస్తుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను రోజు చెన్నైలో ఒక విమానం అలా లేచిన వీడియో మీరూ చూసే ఉంటారు. అందులో భయపడాల్సింది లేదు, గాలి సరిగా లేనప్పుడు పైలట్ అలా చేయడమే సరైన పని. అప్పుడు నడుముకు బెల్ట్ ఉండాలి, అంతే.

అమ్మగారి గురించి చివరగా. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర నిలబడి నమస్కారం పెట్టే అమ్మాయికి "మా అమ్మకు కుదుపులంటే భయం" అని ఒక్క మాట చెప్పండి. సీటు నంబరు గుర్తుపెట్టుకుని, కుదుపు మొదలయ్యే ముందు వీలైతే వచ్చి చెబుతారు, తర్వాతా వచ్చి పలకరిస్తారు. తెలుగు వచ్చిన క్రూ ఉన్నారా అని కూడా అడగండి. చెన్నై విమానాల్లో మన పిల్లలు తక్కువేం కాదు. ఇన్‌ఫాంట్ బెల్ట్ కూడా అప్పుడే అడిగేయండి, అందరూ ఎక్కాక అడిగితే ఆ హడావుడిలో ఆలస్యమవుతుంది.